రాణి కనిపించని పెట్టె

తేనెపెట్టె మూత తీసి, చట్రాన్ని పైకెత్తి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు ఒక్కొక్కసారి తుట్టె అడుగు అంచున వేరుశనగకాయ వంటిది ఒకటి తలక్రిందులుగా వ్రేలాడుతూ కనిపిస్తుంది. వేరుశనగకాయకున్న గరుకుతనమే దానికీ ఉంటుంది. ఆ గుంటలూ అవే. చుట్టూ వేలకొద్దీ గదులు ఆరు మూలలతో, అడ్డంగా, గీత గీసినట్లు బారులు తీరి ఉండగా ఇదొక్కటి మాత్రం ఆ క్రమానికి లోబడకుండా నేలను చూస్తూ ఉంటుంది. దీనిని రాణి గది అంటారు. మామూలు గదిలో పెరిగితే కూలి ఈగ కావలసిన పిల్లపురుగే ఈ గదిలో, కూలి ఈగల తలలలోని గ్రంథులనుంచి వచ్చే పాలవంటి ఆహారంలో తేలుతూ పెరిగి, గుడ్డు పెట్టిన 16 రోజులకు రాణియై బయటికి వస్తుంది.

తేనెటీగలను పెంచడం మొదలుపెట్టినవారికి ఈ గది కనిపించిన రోజు గుండె దడదడ లాడుతుంది. అదే పెట్టెలో ఎంత వెదికినా రాణి కనిపించకపోతే ఇక చెప్పనక్కరలేదు. చిక్కేమిటంటే, ఈ రెండు గుర్తులకూ నిఘంటువులో మాటకు మల్లే స్థిరమైన అర్థం లేదు. ఒకే రాణి గది ఒక పెట్టెలో ‘మేము వెళ్లబోతున్నాము’ అని చెబుతుంది. ఇంకొక పెట్టెలో ‘మా తల్లి ముసలిదయింది’ అంటుంది. వేరొక దానిలో ‘మా తల్లి చనిపోయింది, రక్షించండి’ అని మొర పెడుతుంది. మాట ఒకటే. చుట్టూ ఉన్న వాక్యాన్నిబట్టి అర్థం మారుతుంది.

అసలు ‘రాణి’ అన్న మాటే మనలను త్రోవ తప్పిస్తుంది. పూర్వం యూరపులో దానిని రాజు అనేవారు. అరిస్టాటిల్ కాలంనుంచీ అదే వాడుక. పదిహేడవ శతాబ్దంలో హాలెండుకు చెందిన స్వామర్‌డామ్ దానిని కోసి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, లోపల అండాశయాలున్నాయని చూపించాడు. రాజు రాణి అయ్యాడు గాని, పాలన అనే భ్రమ మాత్రం పోలేదు. నిజానికి రాణి ఎవరినీ పాలించదు. గుడ్లు పెడుతుంది. ఆమె శరీరంనుంచి వెలువడే ఒక పదార్థం, ఆమెను నాకే ఈగల ద్వారా, నోటినుంచి నోటికి పెట్టె అంతటా ప్రాకుతుంది. ‘తల్లి ఉంది’ అన్న కబురు అదే. 1950ల దశకంలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధనాలయంలో కాలిన్ బట్లర్ దానికి ‘రాణి పదార్థం’ అని పేరు పెట్టాడు. ఆ కబురు అందడం మానిన కొన్ని గంటలకే పెట్టెలో కలవరం మొదలవుతుంది. అలవాటుపడిన చెవికి ఆ రొద వేరుగా వినిపిస్తుంది. సమంగా సాగే ఝుంకారం కాదది, మూలుగులాంటిది.

అరకులోయలో వలిసెచేలు పసుపుపచ్చగా పూచి ఉన్న రోజులలో ఒక ఇంటి పెరట్లో జరిగిన సంగతి ఇది. ఆ ఇంటి యజమాని పదవీ విరమణ చేసిన బడిపంతులు. చాలా ఏళ్లుగా పుట్టతేనెటీగలను పెంచుతున్నాడు. వలస పెట్టెలలో ఊరూరూ తిరిగే యూరపు జాతి ఈగలు కావవి. మన కొండల తొర్రలలో, పుట్టలలో స్వయంగా కాపురం ఉండే జాతి. 1991–92 ప్రాంతంలో సంచిరోగం అనే వైరసు తెగులు దక్షిణ భారతంలో ప్రవేశించి ఈ జాతి పెట్టెలను అత్యధిక భాగం తుడిచిపెట్టింది. ఆ సంవత్సరాలు చూసినవారు ఒక్క పెట్టెనైనా చేతులారా పోగొట్టుకోవడానికి ఇష్టపడరు.

పంతులుగారి మేనల్లుడు విశాఖపట్నంలో ఉద్యోగం మానుకుని వచ్చి, దాచుకున్న డబ్బుతో మరి రెండు పెట్టెలు కొని మామయ్య పెట్టెల సరసన పెట్టాడు. ఇంతలో పంతులుగారు కంటిలో శుక్లానికి శస్త్రచికిత్స చేయించుకోవడానికి పట్నం వెళ్లి, నెల రోజులు అక్కడే కూతురింట ఉండిపోవలసి వచ్చింది. రెండవ కన్ను ఇంకా మసకగానే ఉంది. తిరిగి వచ్చిన మర్నాడు ఉదయం పెరట్లోకి వెళ్లేసరికి మేనల్లుడు మొదటి పెట్టె తెరిచి ఉన్నాడు. చేతిలో కత్తి ఉంది.

“ఏరా, కత్తి ఎందుకు?”

“రాణి గదులు కోసేద్దామని మావయ్యా. తొమ్మిదున్నాయి. ఉంచితే గుంపు ఎగిరిపోతుందని పుస్తకంలో రాశారు.”

“ఎగిరిపోతుందో, ఎగిరిపోయిందో కూడా రాశారా?”

కుర్రవాడి దగ్గర సమాధానం లేదు. పుస్తకం అబద్ధం చెప్పలేదు. పూలు విస్తారంగా ఉండి, పెట్టెలో ఈగలు క్రిక్కిరిసినప్పుడు పాత రాణి సగం ఈగలను వెంటబెట్టుకుని కొత్త చోటికి ఎగిరిపోతుంది. పుట్టిల్లు కూతురికి వదిలిపెడుతుంది. ఆ ఏర్పాటులో భాగంగానే తుట్టె అడుగు అంచుల వెంబడి అనేక రాణి గదులు, రకరకాల వయసులలో లేస్తాయి. ముందుగా గమనిస్తే పెంపకందారు ఏదో ఒక ఉపాయం చేయవచ్చు. కాని మొదటి రాణి గదికి మూత పడేసరికే గుంపు వెళ్లిపోవడం కద్దు. వెళ్లిపోయిన తర్వాత కత్తి పడితే, ఆ పెట్టెకు మిగిలిన ఆశనంతా కోసి పారవేసినట్లే.

పంతులుగారు నీడలో స్టూలు వేయించుకుని కూర్చున్నారు. ఎండలో కన్ను తెరిచి గుడ్లను వెదకడం ఆయనకు ఇంకా సాధ్యం కాదు. గుడ్డు అంటే గది అడుగున నిలబెట్టిన బియ్యపు నూకలో పదో వంతు; మంచి కళ్లకే సులభంగా దొరకదు.

“రాణిని వెదకడం మానెయ్. గుడ్లు చూడు. సూర్యుణ్ణి నీ భుజం మీదినుంచి పడనిచ్చి, గది అడుగుదాకా చూడు.”

“లేవు మావయ్యా.”

“లేత పురుగులు? పాలలో చంద్రవంకలా పడుకుని ఉంటాయి.”

“అవీ లేవు. గది నిండా ఉన్న పెద్ద పురుగులు అక్కడక్కడా. తక్కినవన్నీ మూతలు వేసి ఉన్నాయి.”

ఇక లెక్క మొదలయింది. గుడ్డు మూడు రోజులు గుడ్డుగా ఉంటుంది. కనుక గుడ్డు ఉంటే, రాణి కనిపించకపోయినా మూడు రోజుల లోపల ఆ పెట్టెలో ఉన్నట్లే. తర్వాత అయిదారు రోజులు పిల్లపురుగు దశ, అటుపైన మూత. గుడ్లు లేవు, లేత పురుగులు లేవు, మూత పడడానికి సిద్ధమైన పెద్దవి మాత్రం మిగిలాయి అంటే చివరి గుడ్డు పెట్టి సుమారు ఎనిమిది రోజులయిందన్న మాట. పెట్టెలో ఈగలు ముందటికన్న పలచబడ్డాయని కుర్రవాడే అన్నాడు. పాత రాణి పరివారంతో వెళ్లి వారం దాటింది.

“ఇప్పుడు రాణి గదుల కొసలు చూడు. ఒక్కొక్కటే చెప్పు.”

ఇక్కడ పంతులుగారు అడిగిన ప్రశ్నలోనే విద్య అంతా ఉంది. రాణి గది ఉన్నదా లేదా అన్నది కాదు, దాని అంచు ఎలా ఉంది అన్నది ముఖ్యం. కొత్త రాణి తనంతట తాను బయటికి వచ్చినప్పుడు గది కొసను లోపలినుంచి గుండ్రంగా కోస్తుంది. డబ్బీ మూత మాదిరిగా అది ఒక ప్రక్క అంటుకుని వ్రేలాడుతుంది. ఒక్కొక్కసారి ఆ మూత మళ్లీ మూసుకుపోయి, లోపల శుభ్రం చేయబోయిన కూలి ఈగ చిక్కుకుపోవడం కూడా ఉంది. పైకి చూస్తే ఇంకా రాణి పుట్టనట్లే ఉంటుంది. అలా కాక గది ప్రక్కగోడకు చిల్లిపడి ఉంటే, ముందు పుట్టిన రాణి, కూలి ఈగల సహాయంతో, లోపలి ప్రత్యర్థిని పుట్టకముందే చంపించిందని అర్థం. ఏమీ లేక చిన్న దొప్పలా ఉన్నవాటికి అర్థమే లేదు. అటువంటి దొప్పలను ఈగలు ఊరికే కట్టి ఉంచుకుంటాయి. వాటిని చూసి కంగారుపడడం కొత్తవారి లక్షణం.

తొమ్మిదింటిలో ఒకటి కొసన మూతలా తెరుచుకుని ఉంది. మూడింటికి ప్రక్కన చిల్లులు. అయిదు మూసి ఉన్నాయి.

“అయితే పుట్టింది. పనికూడా మొదలుపెట్టింది. పెట్టె మూసెయ్.”

“మరి ఏది మావయ్యా? నాలుగు చట్రాలూ చూశాను. ఎక్కడా లేదు.”

“పెళ్లికాని రాణి కూలి ఈగంతే ఉంటుందిరా. పొట్ట సాగదు. చుట్టూ పరివారం ఉండదు. వెలుతురు పడితే పరుగు తీస్తుంది. ఉందని లెక్క చెబుతోంది. చాలు.”

చాలునని అనడం తేలిక. కుర్రవాడి డబ్బు ఆ పెట్టెలో ఉంది. పంతులుగారు మూత మీద సుద్దతో తేదీ వేశారు. నలభై ఏళ్ల బడి అలవాటు. మూడు వారాలు దాటేదాకా నమ్మకం కుదరదని, అంతవరకు మధ్యాహ్నం పూట పెట్టె తెరవనే కూడదని చెప్పారు. కన్యరాణి పుట్టిన కొద్ది రోజులకు, నిర్మలమైన మధ్యాహ్నాలలో బయటికి ఎగిరి, ఆకాశంలోనే పలు పోతుటీగలతో కలుస్తుంది. తిరిగివచ్చే వేళకు పెట్టె తెరిచి మనిషి నిలబడి ఉంటే దారి తప్పవచ్చు. ఈ మధ్యకాలమంతా పెట్టెలో గుడ్డు ఉండదు, రాణి కంటపడదు. ఖాళీ పెట్టెకూ దీనికీ తేడా తెలియదు. ఎందరో పెంపకందారులు సరిగ్గా ఈ రోజులలోనే ఓపిక కోల్పోయి, ఎక్కడినుంచో మరొక రాణిని తెచ్చి పెట్టెలో వదలుతారు. తెల్లవారేసరికి ఆ రాణి శవం గడప ముందు ఉంటుంది.

అదే రోజు రెండవ పెట్టె తెరిచారు. నెల క్రితం, మామయ్య పట్నం వెళ్లిన కొత్తలో, ఆ పెట్టెలోని రాణి గదులన్నిటినీ మేనల్లుడు పుస్తకం చెప్పినట్లే కోసివేశాడు. “దీనిలో గుడ్లున్నాయి మావయ్యా! చాలా ఉన్నాయి!” అన్నాడు సంతోషంతో.

“ఒక గదిలో ఎన్ని?”

కుర్రవాడు మళ్లీ వంగి చూశాడు. రెండు. ఇంకొకదానిలో మూడు. కొన్ని గది అడుగున కాక గోడలకు అంటుకుని ఉన్నాయి. మూత వేసిన గదులు నున్నగా లేవు; చిన్న గదులలో పెద్ద పురుగులు ఇరికినట్లు ఎత్తుగా, బుడిపెలుగా ఉబ్బి ఉన్నాయి. పంతులుగారు ఏమీ అనలేదు. రాణి పొట్ట పొడవు. గుడ్డును గది అడుగున నడిమధ్య నిలబెడుతుంది, గదికి ఒకటే పెడుతుంది. తల్లి కబురూ పిల్లల వాసనా రెండూ లేని పెట్టెలో కొన్ని కూలి ఈగల అండాశయాలు మేల్కొంటాయి. వాటి పొట్ట అడుగుదాకా అందదు. వాటికి మగవాటితో సంయోగమూ లేదు. అటువంటి గుడ్లనుంచి పోతుటీగలే పుడతాయి. పోతుటీగలు పని చేయవు. మన పుట్టతేనెటీగలలో ఈ పరిణామం యూరపు జాతిలోకంటె త్వరగా వస్తుంది. గుడ్లు నిండిన పెట్టె, కాని దానికి భవిష్యత్తు లేదు.

ఆ సాయంత్రం రెండవ పెట్టెలోని ఈగలను మిగతా బలమైన పెట్టెల ముందు దుప్పటి పరిచి దులిపారు. కొంతసేపు గిరగిరా తిరిగి, కడుపులో తేనె నింపుకున్నవి ఇరుగుపొరుగు గడపలలో చోటు సంపాదించుకున్నాయి. కుర్రవాడు ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు.

ఆ రోజులలోనే పంతులుగారు అతనికి హ్యూబర్ కథ చెప్పారు. ఫ్రాన్స్వా హ్యూబర్ 1750లో జెనీవాలో పుట్టాడు. పదిహేనవ ఏటినుంచి చూపు తగ్గుతూ వచ్చి పూర్తిగా పోయింది. అయినా తేనెటీగల గురించి ప్రపంచానికి ఆయన చెప్పినంత అంతకు ముందు మరెవరూ చెప్పలేదు. ఫ్రాన్స్వా బూర్నెన్ అనే సేవకుడు ఆయనకు పుస్తకాలు చదివి వినిపించేవాడు. క్రమంగా ఆయన కళ్లయ్యాడు. పుస్తకంలో పుటలు త్రిప్పినట్లు చట్రాలను ఒక్కొక్కటే తెరవగలిగే పెట్టెను హ్యూబర్ చేయించాడు. ఆయన ప్రశ్న అడిగేవాడు, బూర్నెన్ చూసి చెప్పేవాడు, ఆయన మళ్లీ అడిగేవాడు. రాణి లేని పెట్టెలో గుడ్లు పెడుతున్నది మామూలు కూలి ఈగలేనా, లేక ఎక్కడైనా చిన్న రాణి దాగి ఉన్నదా అన్న సందేహం వచ్చినప్పుడు, రెండు పెట్టెలలోని ఈగలన్నిటినీ ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని పరీక్షిస్తానని బూర్నెన్ ముందుకు వచ్చాడు. 11 రోజులు పట్టింది. కళ్లకు ఇవ్వవలసిన విశ్రాంతి తప్ప ఆయన మరే విశ్రాంతీ తీసుకోలేదు. రాణి దొరకలేదు, గుడ్లు కూలి ఈగలవేనని తేలింది. 1792లో అచ్చయిన హ్యూబర్ గ్రంథంలో ఈ శ్రమ అంతా సేవకుడి పేరుతో సహా నమోదై ఉంది. ఆ కాలంలో అది చిన్న మర్యాద కాదు.

రెండవ వారంలో ముసురు పట్టింది. అయిదు రోజులు కొండల మీదినుంచి మబ్బు దిగలేదు. ముసురులో రాణి ఎగరదు. నాలుగు వారాలు దాటేలోగా కలయిక జరగకపోతే ఆమెకు ఇక ఆ యోగం ఉండదు; బ్రతికినన్నాళ్లూ పోతుటీగల గుడ్లే పెడుతుంది. వానలో మేనల్లుడు వరండాలో కూర్చుని పెట్టె వంక చూస్తూ ఉండేవాడు. ఈగలు గడప దాటలేదు.

పదిహేడవ రోజు ఉదయం తెరిచి చూస్తే గుడ్లు లేవు. “పోయింది మావయ్యా,” అన్నాడు కుర్రవాడు. పంతులుగారు తమ పాత పెట్టెలోనుంచి గుడ్లూ లేత పురుగులూ ఉన్న చట్రం ఒకటి, ఈగలను దులిపి, ఆ పెట్టె మధ్యలో పెట్టించారు. పెట్టెను నేరుగా ప్రశ్న అడగడానికి ఉన్న ఉపాయం ఇదొక్కటే. తల్లి లేనివైతే ఈగలు ఒకటి రెండు రోజులలో ఆ లేత పురుగుల గదులను పొడిగించి, క్రిందికి వంచి, ఆపద్ధర్మంగా రాణి గదులు కట్టడం మొదలుపెడతాయి. తల్లి ఉంటే వాటిని మామూలు కూలి పిల్లలలాగే పెంచుతాయి.

మూడవ నాడు చూశారు. ఒక్క రాణి గదీ లేదు. పైగా ప్రక్క తుట్టెలలో నడిమి గదులు ఖాళీగా, లోపల మెరుగు పెట్టినట్లు తళతళలాడుతున్నాయి. తేనెగాని పుప్పొడిగాని అక్కడ నింపలేదు. పురిటిగది సిద్ధం చేసినట్లుంది. ఇంకో మూడు రోజులకు ఆ తుట్టెలలో గుడ్లు కనిపించాయి. గదికి ఒకటి, అడుగున, నడిమధ్య. మేనల్లుడు కేక పెట్టాడు గాని పంతులుగారు సంతోషించడానికి ఒప్పుకోలేదు. గుడ్డును చూసి అది ఆడదో మగదో చెప్పగలవాడు లేడు. వాన వల్ల ఆలస్యమయింది. మూతలు పడేదాకా ఆగాలి.

ఆగారు. మరి తొమ్మిది రోజులకు ఒక మబ్బు పట్టిన ఉదయం చట్రం బయటికి తీశారు. ఈసారి పంతులుగారు చట్రాన్ని తమ చేతిలోకి తీసుకుని, ఈగలను పిల్లతెమ్మెరలా ఊది ప్రక్కకు తొలగించి, వ్రేలి కొనతో మూతలను తడిమారు. అరచేయంత మేర ఎక్కడా బుడిపె లేదు. గోధుమరంగు మూతలు బల్లపరుపుగా, ఒకదాని నానుకుని ఒకటి ఉన్నాయి.

“రాణి కనిపించిందా?” అని ఇంట్లోనుంచి అత్తయ్య అడిగింది.

“ఇంకా లేదత్తయ్యా,” అన్నాడు మేనల్లుడు, చట్రాన్ని మెల్లగా లోపలికి దించుతూ. తర్వాత ఖాళీ అయిన రెండవ పెట్టెను కడిగి, లోపల పాత మైనం పూసి, పెరటి చివర పనసచెట్టు కొమ్మల మధ్య ఎక్కించి కట్టాడు. ఎగిరిపోయిన గుంపులు ఆ చుట్టుప్రక్కల తొర్రలలోనే ఎక్కడో ఉన్నాయి.